మోత కొలవడానికి వెళ్లిన అమ్మాయి

ఆ అమ్మాయిని ల్యాబులో అందరూ అగ్గిపుల్ల అనేవారు. మనిషి సన్నగా, నిటారుగా, ఎక్కడ గీరితే అక్కడ అంటుకునేలా ఉండేది. పరిశోధనకి చేరిన మొదటి వారంలోనే హాస్టల్ వార్డెన్‌తో నీళ్ల గురించి, క్యాంటీన్ యజమానితో కుర్చీ గురించి, లైబ్రరీ గుమస్తాతో ఒక పుస్తకం గురించి గొడవ పెట్టుకుంది. మూడు చోట్లా న్యాయం ఆమె వైపే ఉంది. కానీ ఆ ముగ్గురికీ గుర్తుండిపోయింది న్యాయం కాదు, గొంతు.

ఆ గొంతు ఆమె ఒక్కదానిది కాదు, ఇంటిది. నూలు మిల్లు వెనకాల క్వార్టర్లలో పెరిగింది. ముందు తల్లి, తల్లి పోయాక అక్క, అదే మిల్లులో నూలు వడికే కదుళ్ల దగ్గర పని. రోజంతా ఆ మోతలో నిలబడి వచ్చిన మనుషులతో నెమ్మదిగా మాట్లాడితే గోడకి చెప్పినట్టే. మంచినీళ్లు అడిగినా కేకే, లాలించినా కేకే. అక్కాచెల్లెళ్లు రహస్యం చెప్పుకోవాలంటే వీధి దాటి పోవాల్సిందే. తను అరుస్తున్నానని ఆమెకి హాస్టల్‌కి వచ్చేదాకా తెలియదు. పక్క గది పిల్ల "ఎందుకే నా మీద అంత కోపం?" అని ఏడుపు మొహం పెట్టినప్పుడు తెలిసింది. అది తెలిశాక నిజంగానే కోపం వచ్చింది. మామూలుగా మాట్లాడినా తప్పు పట్టే ఈ మెత్తటి గొంతుల వాళ్లంతా ఏ ఇళ్లలో పెరిగారో అనుకుంది.

చిత్రం ఏమిటంటే ఆమె ఎంచుకున్న చదువు ధ్వనిశాస్త్రం. అంతకంటే చిత్రం ఆమె గైడ్. ఆయన మాట పక్కన కూర్చున్న వాళ్లకి కూడా సగమే వినబడేది. విద్యార్థులు ఆయనకి సైలెన్సర్ సారు అని పేరు పెట్టుకున్నారు. ఎవరిమీదా గొంతు పెంచి ఎరగడు. కాదనాల్సి వచ్చినా చిన్నగా నవ్వి "చూద్దామమ్మా" అనేవాడు. ఆ "చూద్దాం" విన్న తర్వాత ఇక ఆ పని జరగదని సీనియర్లందరికీ తెలుసు.

ఆయన ఆమెకి ఇచ్చిన పని కారు తలుపు.

నిజంగా తలుపే. ల్యాబు చివర, గోడలకీ కప్పుకీ నేలకీ మొనదేలేలా కోసిన స్పాంజి దిమ్మెలు అతికించిన గది ఒకటి ఉంది. అందులో చప్పట్లు కొడితే ఆ చప్పుడు అక్కడే చచ్చిపోతుంది. కాసేపు ఊరికే కూర్చుంటే మన ఒంట్లో రక్తం పారుతున్న హోరు మనకే వినబడుతుంది. ఆ గది మధ్యలో ఒక ఇనుప చట్రానికి కారు లేని కారు తలుపు బిగించి ఉండేది. తలుపు వేసినప్పుడు "టంగ్" మంటే కొనేవాడికి అది రేకు డబ్బాలా తోస్తుందట. "దబ్" మని మెత్తగా, బరువుగా పడాలట. ఆ "దబ్" కోసం ఒక కార్ల కంపెనీ ల్యాబుకి ఫెలోషిప్ ఇస్తోంది. తలుపు అంచున రబ్బరు మార్చు, వెయ్యి, వినిపించు. లోపల దిండు పెట్టు, వెయ్యి, వినిపించు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న జనం చేత మార్కులు వేయించు. హాస్టల్లో టిఫిన్ చేసి, తడి జుట్టు ఆరకుండానే వచ్చి, ఆ గది కోసం మిగతా విద్యార్థులతో వంతులు వేసుకుని, సాయంత్రం దాకా తలుపు వేస్తూ తీస్తూ ఉండేది. భుజం నొప్పి పుట్టేది. అన్నం తింటున్నప్పుడు కూడా చెవిలో "దబ్" మనేది.

ఆ పని ఆమెకి బాగా వచ్చింది. అదే ఆమె కోపం. రాకపోతే వదిలేసి ఇంటికి పోయేదే. ఏడాది తిరిగేసరికి ఏ రబ్బరు ఏ కూతని మింగుతుందో వేలితో నొక్కి చెప్పగలిగేది. ఒక వ్యాసం అచ్చయింది. దాన్ని చదవడానికి సైలెన్సర్ సారు ఆమెని విమానం ఎక్కించి దూరదేశంలో జరిగే సభకి తీసుకెళ్లాడు.

మొదటి విమానం. కిటికీ దగ్గర సీటు దొరికింది కానీ రెక్క అడ్డం వచ్చింది. హోటల్ గదిలో తివాచీ ఎంత మందంగా ఉందంటే నడిస్తే అడుగుల చప్పుడు వినబడదు. సభలో ఆమె ముందు మాట్లాడినవాడు పొటాటో చిప్స్ కరకర గురించి చెప్పాడు. తర్వాతి వాడిది ఖరీదైన పెన్ను మూత మూసుకునే "టక్". అందరూ మంచి ఇంగ్లిషులో, మంచి కోట్లలో, ఎంతో శ్రద్ధగా విన్నారు. ఆమె వంతు అయ్యాక టీ దగ్గర కంపెనీ పెద్దమనిషి ఒకడికి గైడ్ ఆమెని పరిచయం చేశాడు. "మా అమ్మాయి తలుపు చాలా బాగా వేస్తుంది."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వినందుకు తన మీద తనకే అరికాలి మంట నెత్తికెక్కింది. గదికి పోయి బాత్రూమ్ తలుపు ధడాలున వేసింది. ఆ తలుపు కూడా మెత్తగానే పడింది.

తిరిగొచ్చిన కొన్నాళ్లకి అక్క ఫోన్ చేసింది. అక్కతో ఫోన్లో మాట్లాడటం ఎప్పుడూ ఒక యుద్ధమే. ఏం చెప్పినా "ఆఁ? ఆఁ?" అంటుంది, చివరికి ఫోన్ బావ చేతికి వెళ్తుంది. ఆ రోజు మాత్రం అక్క తనే చెప్పుకుంటూ పోయింది.

"వచ్చే వారం మాకు హాయి తెలుసా! ఎవరో మోత కొలిచేవాళ్లు వస్తున్నారంట. వాళ్లొచ్చిన రోజు సగం కదుళ్ల ఫ్రేములు ఆపేస్తారు. చెవుల్లో పెట్టుకోవడానికి అవేవో బిరడాలు కూడా ఇస్తారు. సాయంత్రం మళ్లీ తీసేసుకుంటారనుకో!"

"తీసేసుకుంటారా?" అని ఆమె అరిచింది.

"ఆఁ?" అంది అక్క.

మర్నాడు సైలెన్సర్ సారు ఆమెనీ, ఒక సీనియర్‌నీ పిలిచాడు. డిపార్ట్‌మెంటు అప్పుడప్పుడు ఫ్యాక్టరీలకి మోత కొలిచి రెండేళ్లు చెల్లే ధ్రువపత్రం ఇస్తుంది. ఈసారి ఒక నూలు మిల్లు ఉంది, ఇద్దరూ వెళ్లి రండి అన్నాడు. మిల్లు పేరు చూసి ఆమె నోట మాట రాలేదు. ల్యాబులో అలా జరగడం అదే మొదటిసారి.

అది తన అక్క పనిచేసే మిల్లు అని అప్పుడే చెప్పాల్సింది. చెబితే ఇంకొకర్ని పంపుతారు. పంపిన వాళ్లు సగం ఆగిన ఫ్రేముల్ని కొలుచుకుని, టీ తాగి వస్తారు. అందుకే చెప్పలేదు. మోత కొలిచే మీటరు సంచీలో పెట్టుకుని రైలెక్కింది. సీనియర్ ఆ దారంతా నిద్రపోయాడు. అతను మంచివాడు. ఏడేళ్లుగా థీసిస్ రాస్తున్నాడు. ఏ మాటకైనా ముందు "మెల్లగా" అని చేర్చడం అలవాటు. ఆమె మాత్రం కిటికీ పక్కన కూర్చుని, మిల్లు సేఫ్టీ ఆఫీసరుని ఏమేం అడగాలో లోపల్లోపలే సాన పెట్టుకుంది.

దిగాక ముందు అక్క ఇంటికి వెళ్లింది. రెండు గదులు. ఒకదాంట్లో మంచం, కుట్టుమిషను. రెండోదాంట్లో పొయ్యి, పిల్లల పుస్తకాలు. బావ బస్సు డిపోలో మెకానిక్కు. నల్లటి, గుబురు మీసం ఉండేది ఆయనకి. మూడేళ్ల కిందట నున్నగా తీసేశాడు. అప్పట్నుంచీ క్వార్టర్లలో ఆయన్ని ఏడిపించని వాళ్లు లేరు.

"రేపు మిల్లుకి వచ్చేది నేనే" అని చెప్పింది.

అక్క చేతిలో గరిట ఆగిపోయింది. "నువ్వా? నువ్వు తలుపులు కదా చదువుతున్నావు?"

"మోత కూడా చదువుతాను."

"అయితే ఒక్క మాట విను. నేనెవరో నీకు తెలియదు. నా వైపు చూడకు, నాతో మాట్లాడకు. గొడవ పెట్టుకోకు. తెలిసిందా? నీకు ముక్కు మీద కోపం. ఆ ముక్కు ఇంట్లో పెట్టి రా."

మర్నాడు మిల్లులో అడుగుపెట్టగానే ఆమెకి ముందుగా తట్టింది మోతలో లోటే. చిన్నప్పుడు క్యారేజీ పట్టుకుని గుమ్మం దాకా వచ్చినప్పుడు ఆ మోత గుండెల మీద చెయ్యి పెట్టి వెనక్కి తోసేది. ఇప్పుడు పెద్ద వాన లోపలికి వచ్చినట్టుంది, అంతే. పొడుగాటి షెడ్డులో ఒక వరస తిరుగుతోంది, పక్క వరస ఆగి ఉంది. ఆగిన కదుళ్ల మీద నూలు ఇంకా వెచ్చగా ఉంది. తాకి చూసింది. ఆడవాళ్లంతా చెవుల్లో కొత్త పసుప్పచ్చ బిరడాలు పెట్టుకుని, కొత్త పెళ్లికూతుళ్లలా తలొంచుకుని, తెగిన దారాలు అతుకుతున్నారు. వాళ్ల మధ్య అక్క ఉంది. చెల్లెలు మీటరు చేత్తో పట్టుకుని పక్క నుంచి నడిచి వెళ్తే కళ్లెత్తలేదు.

సేఫ్టీ ఆఫీసరు తెల్ల చొక్కా మనిషి. నోట్లో పంచదార పెట్టుకుని మాట్లాడతాడు.

"ఆ వరసలు ఎందుకు ఆపారు?" అని అడిగింది.

"ఈ షిఫ్టుకి లోడు లేదు మేడం."

"నూలు వెచ్చగా ఉంది. ఇందాకటిదాకా తిరిగాయి. నడిపించండి."

"ఎలక్ట్రీషియన్ సెలవులో ఉన్నాడు మేడం."

"మీట నొక్కడానికి ఎలక్ట్రీషియన్ ఎందుకండీ? చూపించండి, నేను నొక్కుతాను."

సీనియర్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "మెల్లగా, మెల్లగా..."

"ఎందుకన్నా మెల్లగా? వీళ్లకి మనం కావాల్సింది కొలవడానికా, కళ్లు మూసుకోవడానికా?"

అది ఆమె మామూలు గొంతే. సగం ఆగిన మిల్లులో అది ఆ చివరికి వినబడింది. ఆడవాళ్లు తలలెత్తి చూశారు. ఎత్తనిది అక్క ఒక్కతే. అది భయమనుకుంది ఆమె అప్పుడు. సేఫ్టీ ఆఫీసరు పంచదార కరిగిపోయింది. "మీరు కొలవడానికి వచ్చారు. ఉన్నది కొలిచి వెళ్లండి" అన్నాడు.

ఉన్నది కొలిచారు. రిపోర్టులో మాత్రం ఆమె ఒక వాక్యం రాసింది: కొలిచిన సమయంలో సగం ఫ్రేములు ఆపి ఉంచారు, కాబట్టి ఈ కొలతలు మిల్లు అసలు మోతని చూపవు.

సైలెన్సర్ సారు ఆ వాక్యం మీద పెన్సిలుతో సన్నగా గీత గీశాడు.

"సార్, అది నిజం."

"కాదనడం లేదమ్మా. కానీ మనం కొలిచింది మనం రాస్తాం. కొలవనిదాని గురించి ఎలా రాస్తాం? అది శాస్త్రం కాదు కదా."

ఎంత చక్కగా అన్నాడంటే ఒక్క క్షణం ఆమెకి నిజమే కాబోలు అనిపించింది. ఆ క్షణం గడిచాక ఒళ్లంతా భగ్గుమంది.

"కొలవనివ్వలేదు సార్! కొలవనివ్వకపోవడం కూడా ఒక కొలతే. మీరు ఆ గీత గీస్తే అక్కడ ఆడవాళ్లు ఇంకో రెండేళ్లు..."

"గొంతు తగ్గించమ్మా."

"తగ్గించను. మీకు వినబడాలనే అరుస్తున్నా."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆమె సంతకం పెట్టనంది. ఆయన సరేనన్నాడు. సీనియర్ పెట్టాడు. పెడుతున్నప్పుడు అతని చెవులు ఎర్రబడ్డాయి కానీ చెయ్యి ఆగలేదు. ఏడేళ్ల థీసిస్ ఆ గైడ్ చేతిలోనే ఉంది. అది తెలిసి కూడా ఆమె అతన్ని క్షమించలేకపోయింది. నెల రోజులు పక్క బల్ల మీద కూర్చున్న మనిషితో మాట్లాడలేదు.

ఆ నెలలోనే నిర్ణయం తీసుకుంది. తలుపు వద్దు. మిల్లు పనివాళ్ల వినికిడి ఎలా పోతుందో, ఎంత పోతుందో, దాని మీదే థీసిస్ రాస్తాను. ఆ మాట చెప్పగానే సైలెన్సర్ సారు నవ్వి "చూద్దామమ్మా" అన్నాడు. ఈసారి ఆమె ఆ మాట కోసం ఆగలేదు. చెవి పరీక్ష చేసే పెట్టె అడిగి తీసుకుని, ఆదివారం అక్క ఇంటికి పోయింది. తన మొదటి పరీక్ష అక్కకే.

"నాకేం చెవుడు లేదు" అంది అక్క.

"లేకపోతే పరీక్షకి భయమెందుకు? ఇవి చెవులకి పెట్టుకో. కూత వినబడితే చెయ్యెత్తు. అంతే."

అక్క విసుక్కుంటూ పెట్టుకుంది. బావ పిల్లల్ని బయటికి పంపి గుమ్మంలో కూర్చున్నాడు. ఆమె లావు కూత వదిలింది. అక్క చెయ్యెత్తింది. కాస్త సన్నం చేసింది. ఎత్తింది. ఇంకొంచెం సన్నం. అక్క ఆమె మొహంలోకే చూస్తోంది. చెయ్యి ఎత్తలేదు. కూత పెంచింది, ఇంకా పెంచింది. గుమ్మంలో ఉన్న బావకి కూడా ఆ హెడ్‌ఫోన్లలోంచి కీచుమని వినబడింది. అక్క మొహంలో ఏమీ లేదు. తర్వాత, చెల్లెలి వేలు మీట నొక్కడం కనిపెట్టి, నొక్కినప్పుడల్లా చెయ్యెత్తడం మొదలుపెట్టింది.

"అక్కా, నా వేలు చూసి ఎత్తుతున్నావు."

అక్క హెడ్‌ఫోన్లు లాగి మంచం మీదికి విసిరేసింది. "అయితే ఏంటే? చూసే ఎత్తుతాను! ఎన్నేళ్లుగా చూసే బతుకుతున్నాను. ఇప్పుడు నువ్వొచ్చి కనిపెట్టావా? కనిపెట్టి ఏం చేస్తావు? పుస్తకంలో రాస్తావు."

"పేరు రాయను. లెక్కలు మాత్రమే..."

"పక్క వరసలో ఆమెకి వినబడదని సూపర్‌వైజరుకి తెలిసింది. బెల్టు తెగిన చప్పుడు వినబడని దాన్ని మిషన్ దగ్గర ఉంచలేం అన్నారు. గేటు బయట పెట్టారు. నువ్వు మా అందరి చెవులూ పరీక్ష చేసి, ఫలానా మిల్లులో ఇంతమందికి చెవుడు అని రాస్తే మిషన్లు మారుస్తారనుకున్నావా? మమ్మల్ని మారుస్తారే పిచ్చిమొహమా! ఇరవయ్యేళ్ల పిల్లల్ని తెచ్చుకుంటారు."

"అలా ఎలా తీసేస్తారు? చట్టం..."

"నా చెవి నాది. నీ చదువుకి ముడిసరుకు కాదు. పో."

చిన్నప్పట్నుంచీ ఆ ఇంట్లో ఎన్ని కేకలు విన్నా, అక్క నిజమైన కోపం ఆమె చూడటం అదే. తనూ ఊరుకోలేదు. ఇన్నాళ్లూ దాచావు, అమ్మ కూడా ఇలాగే దాచింది, దాచి దాచి మీరే వాళ్లకి అలుసిచ్చారు అని నోరు పారేసుకుంది. అక్క పెదాలు చదివే వేగం కంటే ఆమె నోరు ముందు పోయింది. సగం వినబడని కోపానికి అక్క ఏడుస్తూ వంట గదిలోకి వెళ్లిపోయింది.

బావ ఆమెని బస్టాండు దాకా దించడానికి వచ్చాడు. దారిలో తన అలవాటు చొప్పున జోకు వేశాడు. "మీ అక్క నా మాట వినదు వినదు అని ఊరంతా చెప్పుకున్నాను మరదలా. తీరా చూస్తే పాపం నిజంగానే వినబడదు."

ఆమె నవ్వలేదు. "నీకెప్పట్నుంచీ తెలుసు బావా?"

ఆయన నున్నటి పై పెదవి మీద వేలు రాసుకున్నాడు. "మీసం అడ్డమొచ్చి నా పెదాలు కనబడటం లేదని ఒకరోజు తెలిసింది. ఆ సాయంత్రమే తీసేశాను. ఎందుకు తీశావని అది అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇద్దరం అలా నడిపించుకొస్తున్నాం. నువ్వొచ్చి పెట్టె తెరిచావు."

బస్సులో ఆమె ఏడవలేదు. పళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. అక్క మీద కోపం, మిల్లు మీద కోపం, ఆ పసుప్పచ్చ బిరడాల మీద కోపం. అన్నిటికంటే, అక్క చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకనందుకు కోపం. చెవుల్ని కొలిస్తే శిక్ష చెవులకే పడుతుంది. మరి కొలవాల్సింది ఏమిటి? మోత పుట్టేది మిషన్లో. రబ్బరు ఏ కూతని మింగుతుందో తనకి తెలుసు. ఏడాదిన్నర పాటు ధనవంతుడి చెవికి ఇంపుగా తలుపు వెయ్యడం నేర్చుకుంది. అదే పని కదురు కింద చెయ్యకూడదని ఎవరన్నారు?

ఇది ఎవరో వేలు పట్టి చూపించిన దారి కాదు. అక్కతో తిట్లు తిని, బస్సు కిటికీకి తల కొట్టుకుంటూ దొరికింది. ఆ సంగతి తర్వాత ఎవరికి చెప్పినా, ఇంటర్వ్యూల్లో అలా చెప్పకు అనేవారు.

పక్క బిల్డింగులో యంత్రాల కంపనాలు చదివే మేడం ఒకామె ఉంది. ఆమె వర్క్‌షాపు మూల, పాత మిల్లు నుంచి తుక్కుగా తెచ్చిన ఒక ఫ్రేము దుమ్ము కొట్టుకుని ఉంది. అగ్గిపుల్ల పోయి జరిగిందంతా మొదట్నుంచీ చివరిదాకా, తన గొంతుతో, చెప్పింది. మేడం మధ్యలో లేచి కిటికీ మూసి వచ్చింది.

"గైడ్‌ని మారిస్తే ఫెలోషిప్ పోతుంది. తెలుసుగా?"

"తెలుసు."

"నా దగ్గర కూడా అరుస్తావా?"

"మీరు గీతలు గీస్తే అరుస్తాను."

మేడం ఆమెని ఎగాదిగా చూసి, "ముందు ఆ ఫ్రేము మీద దుమ్ము దులుపు" అంది.

ఫెలోషిప్ పోయింది. కాలేజీ పిల్లల ల్యాబులు చూసుకుంటూ, ట్యూషన్లు చెబుతూ, హాస్టల్ ఖాళీ చేసి వాటర్ ట్యాంకు పక్క గదిలోకి మారింది. కారు తలుపు ఇంకో విద్యార్థికి వెళ్లింది. ఆమె రబ్బరు, ఆమె దిండు, ఆమె "దబ్" పెట్టుకుని ఆ కారు మార్కెట్లోకి వచ్చింది. సిగ్నల్ దగ్గర ఎవడో ఆ తలుపు వేసినప్పుడల్లా ఆమె వెనక్కి తిరిగి గుర్రుగా చూసేది.

రెండేళ్లు ఆ పాత ఫ్రేముతోనే గడిచాయి. కదురు ఒకటి మాత్రమే తిరిగినప్పుడు ఎలా కూస్తుంది, పదీ ఇరవై కలిసి తిరిగినప్పుడు ఎందుకు అంత పెనురొద అవుతుంది, ఆ వణుకు ఇనుప పట్టెలోకి ఎక్కడ దిగుతుంది. చివరికి ప్రతి కదురు కిందా పెట్టే బిళ్ల లాంటి రబ్బరు దిండు తయారైంది. అక్క మిల్లు వాళ్లు గేటు దగ్గరే దండం పెట్టి పంపేశారు. వేరే ఊళ్లో ఒక చిన్న మిల్లు యజమాని మాత్రం, ఊరికే వస్తుంది కదా అని, ఒక షెడ్డుకి పెట్టుకోమన్నాడు. ఆమె, మేడం, ఇద్దరు ఫిట్టర్లు కలిసి బిగించారు. మీట నొక్కగానే అక్కడి ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మామూలు కంటే కొంచెం పెద్ద గొంతుతో మాట్లాడితే పక్క వాళ్లకి వినబడుతోంది. ఒకామె చాలాకాలం తర్వాత పాటందుకుంది. శ్రుతి కుదరలేదు, అయినా ఎవరూ ఆపమనలేదు.

మూడు నెలల తర్వాత ఆఖరి కొలతలకి వెళ్లింది. మీటరు చూసి కంగారుపడింది. మోత మునుపటి లాగే ఉంది. దిండ్లు అరిగిపోయాయా అని వంగి చూసింది. బాగానే ఉన్నాయి. మీటరు పాడైందేమోనని సరిచేసి మళ్లీ కొలిచింది. అప్పుడు మోటారు పక్కనున్న వేగం ముల్లు మీద చూపు పడింది.

యజమాని దాచలేదు. సంబరంగానే చెప్పాడు. "పెంచామమ్మా! ఇదివరకు వేగం పెంచుదామంటే మోత ఎక్కువైపోతోందని ఇన్‌స్పెక్టర్లు గొడవ. ఇప్పుడు మీ దయ వల్ల అంత వేగంలోనూ పాత మోతే. నూలు దండిగా వస్తోంది. మిగతా షెడ్లకి కూడా ఎప్పుడు పెడుతున్నారు?"

ఆమె ఫిట్టరు బల్ల మీంచి పానా తీసుకుంది. మొదటి ఫ్రేము ఆపించి, కింద కూర్చుని, దిండ్లు ఊడదీయడం మొదలుపెట్టింది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. నేల మీద గిరాటు వేస్తోంది. యజమాని "ఏంటమ్మా ఇది, ఏంటిది" అంటూ చుట్టూ తిరుగుతున్నాడు.

ఆమె ముందుకి ఒక జత కాళ్లు వచ్చి నిలబడ్డాయి. తలెత్తింది. పాటందుకున్న ఆమె.

"ఎందుకు తీస్తున్నావు?"

"ఇది మీకోసం చేశానమ్మా, ఆయన కోసం కాదు! మీ చెవుల్ని అడ్డం పెట్టుకుని నూలు తీసుకుంటున్నాడు."

"ఆయన వేగం తగ్గిస్తాడా నువ్వు తీస్తే?"

ఆమె ఇంకో దిండు మీద పానా పెట్టింది.

"తగ్గించడు. మేమే ఇంకాస్త మోతలో చస్తాం. నీకు కోపం వస్తే మా దగ్గర ఉన్న కాస్తా పీక్కుపోతావా? నువ్వు సాయంత్రం బస్సెక్కి పోతావు. మేం రేపు మళ్లీ రావాలి."

ఆ మాట ఎంత నెమ్మదిగా అందంటే అగ్గిపుల్ల ఆమె పెదాల్ని చూసి అర్థం చేసుకోవాల్సి వచ్చింది. పానా పక్కన పెట్టింది. తర్వాత దొర్లిపోయిన దిండ్లని ఏరుకుని, తుడుచుకుని, తిరిగి బిగించింది. పాటందుకున్న ఆమె పక్కన కూర్చుని బిళ్లలు ఒక్కొక్కటే అందించింది. యజమాని ఊపిరి పీల్చుకుని "చూశారా, వాళ్లే కావాలంటున్నారు" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆమె అతన్ని తిట్టిన తిట్లు ఆ ఊళ్లో చాలాకాలం చెప్పుకున్నారు.

థీసిస్‌కి ఇంకో అధ్యాయం పెరిగింది. ఇంకో ఏడాది కూడా. మోత తగ్గించిన ప్రతిచోటా వేగం పెంచితే ఆ లాభం ఎలా ఆవిరైపోతుందో, ఏ వేగం దాటకూడదో లెక్కలతో సహా రాసింది. మిల్లు పేరు, తను పానా పట్టుకున్న సంగతి కూడా రాస్తానంటే మేడం పానా మాత్రం తీయించింది.

మౌఖిక పరీక్షలో కమిటీ సభ్యుల్లో సైలెన్సర్ సారు ఉన్నాడు. ఆ అధ్యాయం దగ్గర ఆగి, ఎప్పటి గొంతుతోనే అడిగాడు. "ఇది పరిశోధనా అమ్మా, ఫిర్యాదా?"

"వినబడలేదు సార్" అంది ఆమె. నిజానికి వినబడింది. "కొంచెం గట్టిగా అడగండి."

ఆయన మళ్లీ అడిగాడు. గదిలో అందరికీ వినబడేలా అడగాల్సి వచ్చింది. ఆమె చెప్పిన సమాధానం కారిడార్లో కూర్చున్న వాళ్లక్కూడా అర్థమైంది. పట్టా ఇచ్చారు. ఆ అధ్యాయాన్ని కుదించమని సలహా కూడా ఇచ్చారు. ఆమె కుదించలేదు.

ఆ చెవి పరీక్ష గొడవ తర్వాత అక్కా చెల్లెళ్లు ఒక ఏడాది పాటు మాట్లాడుకోలేదు. తర్వాత అక్క తనంతట తనే, మిల్లుకి తెలియకుండా, వేరే ఊరి ఆసుపత్రికి వెళ్లి చెవి మిషన్ పెట్టించుకుంది. ఇంట్లో పెట్టుకుంటుంది, పనికి వెళ్లేటప్పుడు డబ్బాలో పెడుతుంది. "నేను గొణుక్కున్నది కూడా వినబడిపోతోంది మరదలా, నా సుఖం పోయింది" అని బావ ఫోన్ చేసి మొరపెట్టుకున్నాడు. వెనక నుంచి అక్క "ఏంటి గొణుగుతున్నావు?" అని అరిచింది. చెవి బాగా వినబడుతున్నా ఆ గొంతు మాత్రం తగ్గలేదు.

చిన్న మిల్లులో ఆడవాళ్లు ఆ అధ్యాయం నకలు అడిగి తెప్పించుకున్నారు. పాటందుకున్న ఆమె కూతురు చదివి వినిపించిందట. అందరూ కలిసి ఇన్‌స్పెక్టరు ముందు పెట్టారు. నెలలు తిరిగాక యజమాని వేగం తగ్గించాడు. పాత వేగం దాకా కాదు, పెంచినదాంట్లో సగం. ఆ కబురు తెలిసినప్పుడు మేడం గెలిచావుగా అంది.

"సగమే కదా మేడం" అంది అగ్గిపుల్ల. చెప్పులేసుకుని, మీటరు సంచీ భుజాన తగిలించుకుని, ఆ ఊరి బస్సు టైము కనుక్కోవడానికి బయల్దేరింది.